బోల్టు కూడా స్ప్రింగే

బండి చక్రానికి ఇనుప కట్టు ఎక్కించడం చూసినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. కమ్మరి ఆ కట్టును చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువగా చేస్తాడు. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, అది వ్యాకోచించి ఉండగానే చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు పోస్తాడు. బుస్సుమని ఆవిరి లేస్తుంది. కట్టు ముడుచుకుంటుంది. ఆకులూ అంచు చెక్కలూ కిర్రుమంటూ ఒకదానిలోకి ఒకటి దిగిపోతాయి. ఆ తర్వాత ఆ బండి రాళ్ల దారిలో ఏళ్ల తరబడి నడిచినా చక్రం విడిపోదు. ఇనుము గట్టిది కాబట్టి విడిపోలేదని అనుకుంటాం. నిజానికి ఆ ఇనుములో నిలిచి ఉన్న లాగుడే చక్రాన్ని పట్టి ఉంచుతోంది.

కారు ఇంజన్ అడుగున, నూనెలో, ఎవరికీ కనిపించని చోట కొన్ని బోల్టులు ఇదే పని చేస్తుంటాయి. ఇంజన్ విప్పి మళ్లీ కట్టేటప్పుడు పిస్టన్లు ఏ కంపెనీవి, రింగులు ఏవి, బేరింగు షెల్స్ ఏ సైజు అని గంటల కొద్దీ మాట్లాడుకుంటాం. క్రాంకును పట్టి ఉంచే మెయిన్ క్యాప్ బోల్టుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాతవే తుడిచి బిగించేస్తాం, లేదంటే ఖరీదైనవి కొనేసి ఇక భయం లేదనుకుంటాం. రెండూ పొరపాట్లే కావచ్చు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ బోల్టు మీద ఎంత భారం పడుతుందో లెక్క చూడాలి.

ఇంజన్ బ్లాకును తలకిందులుగా స్టాండు మీద పెట్టి చూడండి. అడుగున వరసగా అడ్డుగోడలుంటాయి. ప్రతి గోడలోనూ సగం గుండ్రటి గాడి ఉంటుంది. క్రాంకు ఆ గాడుల్లో పడుకుంటుంది. మిగతా సగం గుండ్రం మెయిన్ క్యాప్‌లో ఉంటుంది. క్యాప్‌ను పైన పెట్టి రెండు వైపులా బోల్టులతో బిగిస్తే రంధ్రం పూర్తవుతుంది. ఇంజన్ కారులో నిటారుగా ఉన్నప్పుడు క్యాప్ కింద ఉంటుంది. సిలిండర్‌లో పెట్రోలు మండి పిస్టన్‌ను కిందికి తోసినప్పుడు ఆ తోపు కనెక్టింగ్ రాడ్ ద్వారా క్రాంకుకు, క్రాంకు నుంచి క్యాప్‌కు వస్తుంది. అదే మంట సిలిండర్ హెడ్‌ను పైకి ఎత్తాలని చూస్తుంది. పైన హెడ్ బోల్టులు, కింద మెయిన్ బోల్టులు, మధ్యలో రెండు వైపులా లాగబడే బ్లాకు. మంట పుట్టిన ప్రతిసారీ ఇంజన్ తనను తాను చీల్చుకోవాలని చూస్తుందన్నమాట.

లెక్కకు ఒక నిజమైన ఇంజన్ తీసుకుందాం. ప్రపంచంలో అత్యధికంగా విప్పి కట్టిన ఇంజన్లలో అమెరికాలోని షెవర్లే స్మాల్ బ్లాక్ వి8 ఒకటి. 1955 మోడల్ కార్లతో వచ్చింది. దాని కుటుంబంలో బాగా పేరున్న 350, అంటే 5.7 లీటర్ల ఇంజన్, 1967లో కమారో కారులో మొదలైంది. సిలిండర్ వ్యాసం 4 అంగుళాలు, అంటే పిస్టన్ తల వైశాల్యం సుమారు 81 చదరపు సెంటీమీటర్లు. నిండు భారంతో నడిచే మామూలు పెట్రోలు ఇంజన్‌లో మంట పీడనం 60 బార్ దాకా చేరుతుందనుకుంటే పిస్టన్ మీద పడే తోపు దాదాపు 5 టన్నుల బరువుకు సమానం. ఆ భారాన్ని పక్కపక్కనున్న రెండు మెయిన్ బేరింగులు పంచుకుంటాయి. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో ఒక్కో సిలిండర్ గంటకు 90 వేల సార్లు ఈ దెబ్బ వేస్తుంది.

ఈ ఇంజన్ మామూలు రకాల్లో క్యాప్‌కు రెండేసి 7/16 అంగుళాల బోల్టులుంటాయి. మరలకు ఇంజన్ ఆయిల్ రాసి 70 అడుగు-పౌండ్లు, అంటే 95 న్యూటన్ మీటర్ల టార్కుతో బిగించాలి. అలా బిగిస్తే ఒక్కో బోల్టు క్యాప్‌ను ఇంచుమించు 4.8 టన్నులతో నొక్కి పట్టుకుంటుంది. రెండూ కలిసి తొమ్మిదిన్నర టన్నులు దాటుతాయి. మీ అరచేతిలో ఇమిడే రెండు బోల్టులు రెండు ఏనుగుల బరువంత బలంతో ఆ క్యాప్‌ను అదిమి పెడుతున్నాయి.

ఇంత బలం ఎక్కడ దాగి ఉంది? బోల్టు సాగింది. రాబర్ట్ హుక్ 1678లో చెప్పిన సూత్రం ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది: ఎంత బలంతో లాగితే అంత సాగుతుంది. ఉక్కు కూడా సాగుతుంది, కంటికి కనపడనంతగా. పై లెక్క ప్రకారం ఆ బోల్టు సాగేది మిల్లీమీటరులో ఆరో వంతు, రెండు తల వెంట్రుకల మందం. పానాతో బిగించడమంటే ఒక గట్టి స్ప్రింగును రెండు వెంట్రుకల మేర లాగి అలా పట్టి ఉంచడమే. బండి చక్రం కట్టుకు ఆ లాగుడు నిప్పు ఇచ్చింది. బోల్టుకు మర ఇస్తుంది.

ఇక్కడే మన సహజ బుద్ధికి అందని సంగతి ఒకటి ఉంది. 5 టన్నులు నొక్కుతున్న బోల్టు మీద ఇంజన్ మరో టన్ను లాగుడు వేస్తే మొత్తం 6 అవుతుందనుకుంటాం. కాదు. నొక్కబడిన క్యాప్, బ్లాకు కూడా స్ప్రింగులే, పైగా బోల్టు కంటే చాలా బిరుసైనవి. బయటి నుంచి లాగుడు వచ్చినప్పుడు ముందు వాటి నొక్కుడు తగ్గుతుంది. బోల్టు దాకా చేరేది ఆ లాగుడులో ఐదో వంతో, పదో వంతో. బిగింపు భారం కంటే ఎక్కువగా ఉన్నంతకాలం మంట పుట్టినా ఆరినా బోల్టుకు పెద్దగా తేడా తెలియదు. బిగింపు తగ్గిన రోజున క్యాప్ గోడ నుంచి వెంట్రుక మందం లేస్తుంది. అప్పటి నుంచి ప్రతి దెబ్బ నేరుగా బోల్టుదే. గంటకు 90 వేల సార్లు సాగి వదులయ్యే లోహం, ఏ ఒక్క దెబ్బా దాని బలాన్ని మించకపోయినా, చివరికి అలసి తెగుతుంది. 19వ శతాబ్దం మధ్యలో ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ ఇంజనీరు రైలు ఇరుసుల మీద పరీక్షలు చేసి రుజువు చేసిన విషయమిది. విరిగిన మెయిన్ బోల్టును చూపించి ‘ఎక్కువ బిగించేశారు’ అంటుంటారు. చాలాసార్లు అది తక్కువ బిగింపు వల్ల తెగిన బోల్టే అయి ఉంటుంది.

పక్కకు జరిగే బలం సంగతీ ఉంది. క్రాంకు కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. ఆ తోపుకు క్యాప్ జరగకుండా చూసేది బ్లాకులోని గట్టు, దానితోపాటు బిగింపు వల్ల పుట్టే ఘర్షణ. క్యాప్ విప్పినప్పుడు బ్లాకును ఆనుకునే ముఖాలను వెలుతురులో పెట్టి చూడండి. బూడిద రంగు మచ్చలు, గీరుకుపోయిన చిన్న గుంటలు కనిపిస్తే ఆ క్యాప్ లోపల కదులుతూ ఉందని అర్థం. అలాంటి బ్లాకుకు బోల్టులు మార్చి ఊరుకుంటే సరిపోదు. అసలు ఎందుకు కదిలిందో తేల్చాలి.

ఇక టార్క్ రెంచి. దాని మీద కనిపించే అంకె బిగింపును చెప్పదు. మన చెయ్యి తిప్పిన బలాన్ని చెబుతుంది, అంతే. ఆ బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికి పోతుంది, నలభై శాతం దాకా మరల రాపిడికి పోతుంది. బోల్టును సాగదీయడానికి మిగిలేది పదో వంతు. కాబట్టి రాపిడిలో చిన్న మార్పు వచ్చినా బిగింపు తలకిందులవుతుంది. అదే 350 బోల్టును అదే 70 అంకెకు పొడిగా బిగిస్తే నొక్కుడు 4.4 టన్నుల దగ్గర ఆగుతుంది. ఇంజన్ ఆయిల్‌తో 4.8. మాలిబ్డినం కలిసిన నల్లటి పేస్టు రాస్తే 7 టన్నులు దాటుతుంది, అంటే ఆ సైజు మామూలు గట్టి బోల్టు శాశ్వతంగా సాగిపోయే స్థితి. రెంచి మూడుసార్లూ ఒకే అంకె దగ్గర టక్కుమంది. లోపల జరిగినవి మూడు వేర్వేరు పనులు. అందుకే స్టడ్‌ల (రెండు కొసలా మరలుండి, తల బదులు నట్టుతో బిగించే కడ్డీల) పెట్టెలో కంపెనీ పెట్టే చిన్న ట్యూబును, టార్కు కాగితాన్ని పారేయకూడదు. ఆ అంకె ఆ పేస్టుకు మాత్రమే చెల్లుతుంది. కారు మాన్యువల్లోని అంకె కొత్త స్టడ్‌లకు వర్తించదు.

బోల్టు తల మీద 8.8, 10.9, 12.9 అని రాసి ఉంటుంది. మొదటి అంకెను వందతో గుణిస్తే తెగే బలం, చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో. చుక్క తర్వాతి అంకె, అందులో ఎన్ని పదో వంతుల దగ్గర బోల్టు వెనక్కి రాకుండా సాగడం మొదలుపెడుతుందో చెబుతుంది. 8.8 బోల్టు 640 దగ్గరే లొంగిపోతుంది. మన 350 ఇంజన్ బోల్టులో సరైన బిగింపు దగ్గర ఒత్తిడి 690 దాకా ఉంటుంది. అంటే హార్డ్‌వేర్ కొట్టులో దొరికే 8.8 బోల్టు మరలు సరిగ్గా సరిపోయినా, బిగిస్తుండగానే సాగిపోతుంది. సైజు కలిసిందని బోల్టు కలిసినట్టు కాదు. అలాగని ఎంత గట్టిదైతే అంత మంచిదని కూడా అనలేం. చాలా గట్టి ఉక్కుకు మెరుపు పూత వేసేటప్పుడు లోపలికి హైడ్రోజన్ చేరితే, బిగించిన కొన్ని గంటలకో రోజులకో అది పింగాణీలా టప్పున విరగగలదు. ఇంజన్ లోపలికి తళతళలాడే పూత బోల్టులు వద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ వర్క్స్‌లో ఒక పూట కూర్చుని చూశాను. స్టాండు మీద పాత అంబాసిడర్ బ్లాకు, 1489 సీసీ. క్రాంకును పట్టి ఉంచేవి మూడే మెయిన్ బేరింగులు. దీనికి మూలమైన బ్రిటిష్ బి-సిరీస్ ఇంజన్‌లో కంపెనీయే మెయిన్ క్యాప్‌లకు బోల్టులు కాకుండా స్టడ్‌లూ నట్లూ పెట్టింది. స్టడ్‌లు రేసు కార్ల సోకు అనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. మేస్త్రి గారు షెల్స్ తీసేసి, మధ్య క్యాప్ పెట్టి, నట్లు చేత్తోనే తిప్పి వదిలేశారు. డయల్ గేజిని రంధ్రంలో నిలువుగా పెట్టి ముల్లును సున్నా మీదికి తెచ్చారు. తర్వాత రెంచితో మూడు విడతల్లో బిగించారు. మళ్లీ గేజి పెట్టారు. ముల్లు ఒక గీత దాటి ఆగింది. ఒక్కో గీత మిల్లీమీటరులో వందో వంతు.

“చూశారా బాబుగారూ, ఇనుము నలిగింది,” అన్నారాయన. “ఈ నలుగుడుతో కలిపే కంపెనీ వాడు బోరు కొట్టాడు. నేను వేరే బిగింపు బిగిస్తే వాడి బోరు నాకు పనికిరాదు.”

ఈ అధ్యాయం మొత్తంలో చెప్పదలచుకున్నది ఆయన ఆ రెండు ముక్కల్లో చెప్పేశారు. ఫ్యాక్టరీలో క్యాప్‌ను బ్లాకుకు బిగించాకే, ఆ బిగింపు మీదే, అన్ని రంధ్రాలనూ ఒకే వరసలో కోస్తారు. ఒక క్యాప్ మరో చోట కూర్చోకపోవడానికి, క్యాప్ మీద అంకె, బాణం గుర్తు ఉండడానికి కారణం అదే. రంధ్రం గుండ్రంగా ఉండేది ఆ బోల్టు, ఆ నూనె, ఆ టార్కు కలిసినప్పుడే. క్రాంకుకూ బేరింగు షెల్‌కూ మధ్య ఉండాల్సిన ఖాళీ, పాత మేస్త్రీల లెక్కలో, జర్నల్ (క్రాంకులో బేరింగు మీద తిరిగే భాగం) వ్యాసం అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు. 350 ఇంజన్‌కైతే ఇది 0.06 మిల్లీమీటర్లకు అటూఇటూ. తిరిగే క్రాంకును తేల్చి పట్టే నూనె పొర ఈ ఖాళీలోనే పుట్టాలి. భారం పడిన చోట ఆ పొర కొన్ని మైక్రాన్లకు పలచబడుతుంది. అక్కడ మిల్లీమీటరులో వందో వంతో, రెండు వందో వంతులో తేడా వస్తే పొర తెగొచ్చు, లోహం లోహాన్ని తాకొచ్చు. బలమైన స్టడ్‌లు తెచ్చి, రంధ్రం కొలవకుండా బిగించి, బేరింగులు కాల్చుకున్న ఇంజన్లు తక్కువేమీ లేవు.

ఈ సంగతి తెలిసినవాళ్లకు ‘స్టడ్‌లా, బోల్టులా’ అన్న ప్రశ్న వేరేగా కనిపిస్తుంది. స్టడ్‌లో నిజంగా ఉన్న లాభాలు చూద్దాం. బోల్టును బిగించినప్పుడు దాని మరలు బ్లాకు పోత ఇనుములో భారం మీద తిరుగుతాయి, విప్పిన ప్రతిసారీ కాస్త ఇనుమును గీకుతాయి. స్టడ్ బ్లాకులో ఒకసారి కూర్చుంటే కదలదు. తిరిగేది పైన నట్టు ఒక్కటే, ఉక్కు మీద ఉక్కు. పోత ఇనుము బలహీనం కాబట్టి బ్లాకు వైపు లోతైన ముతక మరలు కావాలి. నట్టు వైపు ఆ ఇబ్బంది లేదు, సన్న మరలు పెట్టొచ్చు. 7/16 సైజులో అంగుళానికి 14 మరల బదులు 20 మరలుంటే భారం మోసే ఉక్కు అడ్డుకోత వైశాల్యం దాదాపు 12 శాతం పెరుగుతుంది, బిగింపు కూడా మరింత నిలకడగా వస్తుంది. స్టడ్ బిగించేటప్పుడు మెలి అసలే పడదని అంటుంటారు. అది మాత్రం నిజం కాదు. నట్టు మరల రాపిడి స్టడ్‌నూ మెలిపెడుతుంది, సన్న మర వల్ల కాస్త తక్కువగా. స్టడ్‌ను బ్లాకులోకి చేతి వేళ్లతో బిగిస్తే చాలు. అడుగు తగిలాక బలవంతం చేస్తే గోడ పగులుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. పొడుగ్గా నిలిచే స్టడ్ కొసలు ఆయిల్ సంప్‌కో, ఆయిల్ పంపు పీల్చే గొట్టానికో తగలొచ్చు. ఇంజన్ కారులో ఉండగా క్యాప్ తీయడం కష్టమవుతుంది. అన్నిటికీ మించి, బిగింపు మారుతుంది కాబట్టి అలైన్ హోనింగ్ ఖర్చు తప్పకపోవచ్చు. క్యాప్‌ల అడుగు ముఖాలను కాస్త అరగదీసి, కొత్త స్టడ్‌లను పూర్తి టార్కుకు బిగించి, అన్ని రంధ్రాలనూ ఒకేసారి సాపు చేస్తారు. ఇలా చేసినప్పుడు క్రాంకు కొద్దిగా పైకి, క్యామ్ వైపు జరుగుతుంది. ఎక్కువ తీస్తే క్రాంకునూ క్యామ్‌నూ కలిపే టైమింగ్ చైను వదులవుతుంది.

నా అభిప్రాయం ఇది. రోజూ ఆఫీసుకు నడిపే కారుకు, ఫ్యాక్టరీ ఇచ్చిన శక్తికే పరిమితమయ్యే ఇంజన్‌కు, ఫ్యాక్టరీ రకం బోల్టులే మంచివి. బ్లాకు కోత వాటికోసమే జరిగింది. శక్తి పెంచుతున్నా, టర్బో పెడుతున్నా, తరచూ విప్పాల్సిన ఇంజన్ అయినా స్టడ్‌లు కొనండి.

ఇంకా ఎక్కువ బోల్టులుంటే ఇంకా మంచిదా? షెవర్లేయే ఆ దారి తొక్కింది. బలమైన 350 రకాల్లో మధ్య మూడు క్యాప్‌లకు నాలుగేసి బోల్టులు పెట్టింది. కానీ ప్రతి కొత్త బోల్టుకూ గోడలో ఒక రంధ్రం కావాలి. రంధ్రం పడిన చోట ఇనుము తగ్గుతుంది. అందుకే చాలామంది రేసు ఇంజన్ మేస్త్రీలు రెండు బోల్టుల బ్లాకునే వెతికి తెచ్చుకుని, బయటి బోల్టులు ఏటవాలుగా మందపాటి పక్క గోడల్లోకి దిగే ఉక్కు క్యాప్‌లు పెట్టించుకుంటారు. బ్లాకు గోడే పగిలే శక్తి దగ్గరికి వచ్చాక ఏ బోల్టూ దాన్ని కాపాడలేదు.

కొత్త తరం ఇంజన్లలో టార్కు అంకె ఒక్కటే కనిపించదు. 1997లో వచ్చిన షెవర్లే ఎల్ఎస్1 అల్యూమినియం ఇంజన్ మాన్యువల్ లోపలి మెయిన్ బోల్టులకు ముందు 20 న్యూటన్ మీటర్లు బిగించి, ఆపైన 80 డిగ్రీలు తిప్పమంటుంది. ఆ బోల్టు మర పిచ్, అంటే ఒక చుట్టుకు దిగే దూరం, 2 మిల్లీమీటర్లు. 80 డిగ్రీలు తిరిగితే బోల్టు 0.44 మిల్లీమీటర్లు ముందుకు దిగుతుంది. నూనె ఉన్నా లేకపోయినా, రాపిడి ఎక్కువైనా తక్కువైనా ఆ దూరం మారదు. రాపిడి మోసాన్ని జ్యామితితో జయించిన పద్ధతి ఇది, ఇంజన్ కట్టే విద్యలో నాకు బాగా నచ్చిన ఆలోచనల్లో ఒకటి. ఇలా కోణంతో బిగించే బోల్టుల్లో కొన్నింటిని కావాలనే శాశ్వత సాగుదల మొదలయ్యే దాకా లాగుతారు. వాటి ఆయుష్షు ఒక్కసారే. మాన్యువల్ ‘మళ్లీ వాడొద్దు’ అంటే డబ్బు మిగుల్చుకోవడానికి చూడకండి. మిగతా పాత బోల్టులనైనా కొత్తదాని పక్కన పెట్టి పొడవు చూడండి, నడుము సన్నబడిందేమో వేలితో తడమండి, కొత్త నట్టు చేత్తో చివరి దాకా దిగుతుందేమో తిప్పండి. ఎక్కడ పట్టేసినా ఆ బోల్టు పని అయిపోయినట్టే.

ఒక చేదు అనుభవం చెప్పాలి. చాలా ఏళ్ల కింద ఒక బ్లాకును నేను కిరోసిన్‌తో కడిగి, నూనె పూసి, బోల్టులు దించాను. ఒక రంధ్రం అడుగు మూసుకుని ఉంది, అందులో కాస్త నూనె మిగిలిపోయింది. రెంచి నాలుగు చుట్ల ముందే టక్కుమంది. బిగిసిందనుకున్నాను. బోల్టు కింద చిక్కిన నూనె ఎటూ పోలేక జాకీలాగా గోడను తన్నింది. క్యాప్ విప్పితే వెంట్రుకంత నల్లటి పగులు, రంధ్రం నుంచి గాడి దాకా. ఆ బ్లాకు తుక్కులోకి పోయింది. అప్పటి నుంచి మూసిన ప్రతి రంధ్రాన్నీ గాలి గొట్టంతో ఊది, గుడ్డ చుట్టిన పుల్లతో అడుగు దాకా తుడిచి, పుల్ల పొడిగా వస్తేనే బోల్టు పట్టుకుంటున్నాను. మరలు శుభ్రం చేయడానికి కోసే ట్యాపు వాడకండి, అది మంచి ఇనుమును కూడా తీసేస్తుంది. మరలు తుడిచే ఛేజర్ వేరే దొరుకుతుంది.

మీరు బోల్టులే ఎంచుకున్నా, స్టడ్‌లే ఎంచుకున్నా, క్రాంకు పెట్టకముందు ఒకసారి వాటితోనే, వాటి పేస్టుతోనే, పూర్తి టార్కుకు ఖాళీ క్యాప్‌లను బిగించి రంధ్రాలు కొలిపించండి. నిలువుగా ఒకసారి, రెండు వైపులా ఏటవాలుగా మరో రెండుసార్లు. కొలతలు మాన్యువల్ హద్దుల్లో ఉంటే అదృష్టం. లేకపోతే హోనింగ్ చేయించండి. స్టడ్‌ల సెట్టుకు డబ్బు తీసిపెట్టిన రోజే దాని పక్కన లేత్ వర్క్స్ కూలీ కూడా తీసిపెట్టుకోండి.